దావీదు సార్ విమానం

ఫిబ్రవరిలో ఒక మధ్యాహ్నం మా పాత నావికుల వాట్సాప్ గ్రూపు తెరిచాను. దాని చప్పుడు ఆపేసి అప్పటికి నాలుగేళ్లయింది. ఆ రోజు ఒక అపార్ట్‌మెంట్‌లో లిఫ్టు బాగుచేస్తూ, కావలసిన భాగం షాపు నుంచి వచ్చేదాకా మెట్ల మీద కూర్చోవలసి వచ్చింది. ఊసుపోక ఫోన్ తీస్తే రెండు ఫోటోలు కనిపించాయి. మొదటి దాంట్లో నాకు ఆరేళ్ల జూనియర్ ఒకడు ఫ్రాన్స్‌లో, మన నేవీ కొంటున్న కొత్త జెట్ రెక్క కింద నిలబడి నవ్వుతున్నాడు. రెండో దాంట్లో, నేను పదకొండేళ్లు చేతులు నల్లగా చేసుకుని పనిచేసిన పాత జెట్ ఒక సిమెంటు దిమ్మె మీద ఉంది. దాని ముందు మెడలో బంతిపూల దండతో దావీదు నిలబడ్డాడు. ఓడ మీద మాకు అన్నం వండిన దావీదు.

ఫ్రాన్స్ ఫోటో చూసి కడుపు మండింది. రెండోది చూసి అంతకంటే ఎక్కువ మండింది, ఎందుకంటే కింద ‘తెలకపల్లి రోడ్డు, నాగర్‌కర్నూల్ జిల్లా’ అని రాసి ఉంది. అది నేను పుట్టిన మండలం. దావీదుది పక్కనున్న లింగాల. నా విమానం మా ఊరి దారిలోకి వచ్చి ఎనిమిది నెలలైతే, నాకు ఒక వంటమనిషి దండ చూస్తే గానీ తెలియలేదు. ఫ్రాన్స్‌కు ఎలాగూ పోలేను. తెలకపల్లికి పోవడానికి ఒక సెలవు చాలు.

సంగతి తెలియనివాళ్ల కోసం కొంచెం వెనక్కి వెళ్తాను. పద్దెనిమిదేళ్లకు నేవీలో చేరి విమానాల మెకానిక్ అయ్యాను. మా జెట్లు ఇంగ్లండ్‌లో తయారైనవి. రన్‌వే లేకుండా నిట్టనిలువుగా దిగగలవు. మేమున్న ఓడ కూడా ఇంగ్లండ్ వాళ్లు వాడి అమ్మినదే. కొన్నేళ్లకు వాళ్లు తమ జెట్లను సేవ నుంచి దించేశారు. వాటికి అన్నదమ్ముల్లాంటి జెట్లు మిగిలితే అమెరికా విడిభాగాల కోసం కొనుక్కుపోయింది. పెద్ద దేశాల స్నేహంలో ఇచ్చిపుచ్చుకోవడాలు అలా జరిగిపోతే, చివరికి మా దగ్గర ఒక విమానం ఎగరాలంటే ఇంకో విమానం విప్పాల్సి వచ్చేది. తర్వాత రష్యా జెట్లు వచ్చాయి, రష్యా నుంచే ఇంకో ఓడ వచ్చింది. మా బ్యాచ్‌లో కొందరు అక్కడికి శిక్షణకు పోయారు. ఆ జాబితాలో నా పేరు లేదు. మా జెట్లను పక్కన పెట్టిన ఏడాదే నేనూ బయటికి వచ్చాను. ఆ తర్వాత మా ఓడను గుజరాత్ తీరంలో ముక్కలు కోశారు. నేను హైదరాబాద్‌లో లిఫ్టులు బాగుచేసే పనిలో కుదిరాను. ఇప్పుడు ఆ రష్యా జెట్లకూ వయసు మీదపడి, ఫ్రాన్స్ వంతు వచ్చింది. ఒక్కో దేశం పేరు గ్రూపులో కనిపించినప్పుడల్లా నా జూనియర్ ఎవడో ఒకడు విమానం ఎక్కుతుండేవాడు. చప్పుడు ఆపేసింది అందుకే.

మా అక్క ఇల్లు గద్వాలలో. శనివారం సాయంత్రం కాచిగూడలో రైలెక్కితే మూడున్నర గంటల్లో గద్వాలలో దిగాను. ఆదివారం పొద్దున్నే ఆరున్నరకు బస్టాండు పక్కన చిన్న హోటల్లో ఉగ్గాని, బజ్జీ తిన్నాను. బొరుగుల ఉగ్గాని గద్వాలలో తినాల్సిందే, ఆ మిర్చి బజ్జీ లేకుండా మాత్రం తినొద్దు. హోటలాయన రాయచూరు వైపు నుంచి వచ్చి స్థిరపడ్డవాడు. ప్లేటు ఖాళీ అవుతుంటే, “సాకా, ఇంకోటి వేద్దునా?” అన్నాడు. సాకా అంటే కన్నడంలో చాలునా అని. చాలు అని చేయి అడ్డం పెట్టి ఏడు గంటల వనపర్తి బస్సు అందుకున్నాను. టికెట్ వంద రూపాయల లోపే. ఎర్రవల్లి చౌరస్తా దాటి బీచుపల్లి వంతెన మీదికి రాగానే కృష్ణ కనిపించింది. ఫిబ్రవరి గనక నీళ్ల కంటే బండలే ఎక్కువ. పెబ్బేరు దాటాక రోడ్డుకు రెండు వైపులా వేరుశనగ పీకుతున్నారు. కిటికీ పక్క సీటు దొరికింది. అయినా ఆ పచ్చి పల్లికాయ వాసనను ఆస్వాదించే స్థితిలో లేను. మెడలో దండే కళ్ల ముందు ఆడుతోంది.

ఎనిమిదిన్నరకు వనపర్తిలో దిగాను. తీరిక ఉన్నవాళ్లు ఒక గంట ఆగి ప్యాలెస్ చూడొచ్చు. నేను ఆగలేదు. గోపాల్‌పేటకు షేర్ ఆటో దొరికింది. డ్రైవర్ నడివయసు మనిషి, పేరు రాములు. ఆటో కొత్తగా తళతళలాడుతోంది.

“కొత్తదా?” అన్నాను.

“పాతది పోయిన నెల ఇచ్చేసిన సార్. పన్నెండేండ్లు నడిపిన. ఇచ్చిన దినం మా ఆడామె బొట్టు పెట్టి ఏడ్చింది. ఏడ్సుడు ఏంది, గది ఆటోనే కదా అన్న. గని నాకు గూడ మనసు కలుక్కుమన్నది.” గేరు మారుస్తూ, “ఏడికి పోతుండ్రు?” అన్నాడు.

“తెలకపల్లి రోడ్డులో ఒక విమానం పెట్టారట...”

“దావీదు సార్ ఇమానమా!” అని వెనక్కి తిరిగాడు. “మా బిడ్డను తోల్కపోయిన. గా సార్ చెప్తుంటే ఇడిచి రాబుద్ది కాలే. సముద్రం నడిమిట్ల సామాను లేకున్న ఇమానం ముందటి చక్రం రిపేరు చేసిండంట సార్ ఆయన. గంట లోపల!”

ముందు చక్రం బాగుచేసింది నేను.

గోపాల్‌పేటలో దిగి ఒక పూరిగుడిసె హోటల్లో టీ చెప్పాను. జొన్నరొట్టెలు చేస్తున్న పెద్దావిడ నా మొహం చూసి, “ఏం బిడ్డ, పానం బాగలేదా? రొట్టె తిను, టీ తర్వాత తాగుదువు” అంది. రెండు రొట్టెలు, పల్లీల పచ్చడి, ఉల్లిపాయ పెట్టింది. అరచేతుల మధ్య పిండి తిప్పుతూ తడుతున్న ఆమె చేతుల వంక చూస్తూ ఆ రోజును గుర్తు చేసుకున్నాను. అరేబియా సముద్రంలో ఒక పొద్దున. పైలట్ తయారుగా ఉన్నాడు, ముందు చక్రం కాలు నుంచి నూనె కారుతోంది. లోపలి రబ్బరు సీలు అరిగిపోయింది. స్టోరులో కొత్తది లేదు, ఇంగ్లండ్ నుంచి ఇక రాదు. కింది డెక్‌లో ఎగరలేక పడి ఉన్న ఇంకో జెట్ నుంచి సీలు తీసి, ఇనుము కాలే ఎండలో డెక్ మీద వెల్లకిలా పడుకుని, నలభై నిమిషాల్లో బిగించాను. కమాండర్ నా భుజం తట్టాడు. నా ఉద్యోగం మొత్తంలో నేను చెప్పుకోదగ్గ కథ అది ఒక్కటే. దాన్ని కూడా ఎత్తుకుపోయాడు.

పదకొండుంబావుకు నాగర్‌కర్నూల్ బస్సు వచ్చింది. అక్కడి నుంచి తెలకపల్లి వైపు షేర్ ఆటోలు ఎప్పుడూ ఉంటాయి, ముప్పై రూపాయలిస్తే విమానం పెట్టిన కాలేజీ గేటు ముందే దింపుతారు. పన్నెండున్నరకు దిగాను. అదొక ప్రైవేటు ఇంజనీరింగ్ కాలేజీ. గేటు దాటగానే ఎడమ చేతి వైపు పత్తి చేనును ఆనుకుని ఉన్న ఖాళీ స్థలంలో దిమ్మె మీద అది ఉంది.

చెప్పడానికి సిగ్గే గానీ, దాని దగ్గరికి దాదాపు పరిగెత్తాను. కొత్త రంగు వేశారు. మేం వేసే బూడిద రంగు కాదు, కాస్త నీలం ఎక్కువైంది. తోక మీద నంబరు చూశాను. నాదే. నేను విప్పి బిగించిన విమానమే. పక్కనున్న బోర్డు మీద తయారైన దేశం, వేగం, ఓడ వివరాలు రాసి, అడుగున ‘ఇక్కడికి తెచ్చినవారు: దావీదు, విశ్రాంత నావికుడు’ అని ఉంది. మెకానిక్ అన్న మాటే ఎక్కడా లేదు.

చూడటానికి వచ్చిన పాలిటెక్నిక్ పిల్లలు ముప్పై మంది దాకా నేల మీద కూర్చుని ఉన్నారు. దావీదు తెల్ల చొక్కాలో నిలబడి మాట్లాడుతున్నాడు. జుట్టు నెరిసింది, బొజ్జ వచ్చింది. నేను వాళ్ల వెనక వేపచెట్టు నీడన నిలబడ్డాను. ఆయన నన్ను చూడలేదు.

“పైలట్ సార్ కుర్చీల కూసున్నడు. ఇంజను గుర్రుమంటుంది. నేను కింద పండుకున్న. నూనె నా మొహం మీద బొట్టుబొట్టు పడుతుంది. స్టోరుల సామాను లేదు. ఇంగ్లండోళ్లు చేతులెత్తేసిండ్రు. అప్పుడు నాకేం యాదికొచ్చిందో ఎర్కేనా?”

“ఏం యాదికొచ్చింది సార్?” అని ముందు వరసలో ఒక అమ్మాయి అడిగింది.

“మా అమ్మ. ఇంట్ల దీపంల వత్తి అయిపోతే పాత చీర కొంగు చింపుతుండె. ఒకటి బతకాలంటే ఇంకోటి చిరగాలె అని చెప్తుండె.”

పిల్లలంతా గుడ్లప్పగించి వింటున్నారు. ఇంజను నడుస్తుండగా ఎవరూ కింద పడుకోరు. అయినా పిల్లలు విమానం వైపు చూడకుండా ఆయన మొహమే చూస్తున్నారు. నాకు ఒళ్లు మండిపోయింది. అక్కడే చెయ్యెత్తాను.

“ఒక్క ప్రశ్న. ఆ చక్రం కాలు విప్పే ముందు మొదట చేయాల్సిన పనేమిటి?”

దావీదు తలెత్తి నన్ను చూశాడు. గుర్తుపట్టాడు. మొహంలో మొదట వచ్చింది సంతోషమే, నాకు స్పష్టంగా కనిపించింది. ఆ తర్వాత ప్రశ్న బుర్రకెక్కింది. నేను ఊరుకోలేదు.

“లోపల ఒత్తిడితో గ్యాస్ ఉంటుంది. అది వదలకుండా విప్పితే ఏమవుతుందో విప్పినవాడికి తెలిసి ఉండాలి కదా?”

దావీదు చొక్కా అంచు సరిచేసుకుని, మెల్లగా, “ఇమానం రిపేరు నేను చెయ్యలే” అన్నాడు. “గా సార్ చేసిండు. నర్సింహ సార్. నేను వంటోణ్ణి. ఆ దినం చాయ్ పట్టుకొని పక్కన నిలబడ్డ. గంతే. మిగతాది సారునే అడుగుండ్రి.”

ముప్పై తలలు నా వైపు తిరిగాయి. నేను ఇరవై ఏళ్లుగా ఎదురుచూసిన క్షణం అది. ముందుకు వెళ్లి నిలబడి, గ్యాస్ ఒత్తిడి ఎంత, సీలు కొలత ఎంత, ఏ బోల్టుకు ఎంత బిగింపు అన్నది వరసగా చెప్పాను. అన్నీ నిజాలే. ఐదు నిమిషాలకు వెనక వరసలో ఇద్దరు ఫోన్లు తీశారు. ముందు వరస అమ్మాయి మాత్రం మర్యాదగా వింటోంది. నేను ఊపిరి తీసుకోవడానికి ఆగగానే, “సార్, మరి అప్పుడు దావీదు సార్ తెచ్చిన చాయ్ మీరు తాగిండ్రా?” అని అడిగింది.

నాకు గుర్తులేదు. గుర్తులేదనే చెప్పాను. అందరూ నవ్వారు. వాళ్ల లెక్చరర్ చప్పట్లు కొట్టించి బస్సు ఎక్కించాడు.

వాళ్లు వెళ్లాక నేను, దావీదు మిగిలాం. ఇప్పుడు తిడతాడనుకున్నాను. ఆయన, “అన్నా, తిన్నవా?” అన్నాడు.

కాలేజీ వెనక రెండు గదుల ఇంట్లో ఉంటున్నారు. దావీదు హాస్టల్ మెస్ చూస్తాడు, భార్య సుగుణ అక్కడే పనిచేస్తుంది. సంగతి అప్పటికే ఆమెకు చేరినట్టుంది. కంచం పెట్టింది గానీ కూర్చోలేదు.

“మంచిగ చేసినవన్నా” అంది. “పోరల ముందర మా ఆయన తల వంచినవు. ఇగ కడుపు సల్లగైందా?”

“సుగుణా, ఊకో” అన్నాడు దావీదు.

“నేనెందుకు ఊకుంట? అన్నా, గా ఇమానం ఈడికి ఎట్ల వచ్చిందో నీకు ఎర్కేనా? ఆరేండ్లు ఉత్తరాలు రాపిచ్చిండు. ఈయనకు ఇంగ్లీషు రాదాయె, కాలేజీ సారోళ్ల కాళ్లు మొక్కి రాపిచ్చిండు. విశాఖపట్నం పోయిండు, ఢిల్లీ పోయిండు. తుక్కుకింద పోతది, ఓడ పోయినట్లే గిది గూడ పోతది అని నిద్రపోకపోతుండె. లారీల మీద ముక్కలు ముక్కలుగ తెస్తుంటే కల్వకుర్తి కాడికెల్లి నడుసుకుంట వచ్చిండు, చేతుల కట్టె పట్టుకొని, అడ్డం వచ్చిన కరెంటు వైర్లు పైకి లేపుకుంట. కాళ్లు బొబ్బలెక్కినై.”

నేను జొన్న అన్నం కలుపుతూ తల వంచుకున్నాను. అయినా నా నోటి నుంచి వచ్చిన మాట ఇది: “నా పేరు ఎందుకు చెప్పలేదు దావీదూ?”

దావీదు నీళ్ల చెంబు నా వైపు జరిపాడు. “మొదట్ల నీ పేరే చెప్పిన అన్నా. రెండు నెలలు గట్లనే చెప్పిన. పోరలు ‘ఆయన ఏడున్నడు, ఒకసారి పిలువుండ్రి’ అంటుండిరి. ఏడున్నవో నాకేం తెల్సు? బోర్డు రాసేటప్పుడు నీకు ఫోన్ చేసిన. నాలుగుసార్లు చేసిన. నువ్వు ఎత్తకపోతివి. లేని మనిషి కథ ఎవరింటరు? ఒక దినం నోరు జారి ‘నేను’ అన్న. ఆ దినం అందరు మంచిగ ఇన్నరు. తప్పే. గని తర్వాత మర్లలేకపోయిన.”

ఆ ఫోన్లు నాకు గుర్తొచ్చాయి. తెర మీద ‘దావీదు గ్యాలీ’ అని వచ్చేది. గ్యాలీ అంటే ఓడలో వంటగది. రేషన్ షాపులోనో, కొడుకు ఉద్యోగానికో సిఫారసు అడుగుతాడనుకుని మోగనిచ్చాను. మా నాయనకు పదెకరాలుండేవి, వీళ్ల నాయన అందులో కూలికి వచ్చేవాడు. ఓడ మీద కూడా నేను ఆ లెక్క మర్చిపోలేదని అప్పుడే, ఆ కంచం ముందే, నాకు తెలిసింది. ఆయన ఏం అడగబోయాడో కూడా వినకుండానే నేను కాదన్నాను. అడగబోయింది బోర్డు మీద నా పేరు పెట్టడం గురించి.

“నాకు నీ మీద కుళ్లుగా ఉంది” అన్నాను. ఆ మాట ఎలా వచ్చిందో తెలియదు. “ఫ్రాన్స్ పోయినవాడి మీద ఉన్నదాని కన్నా ఎక్కువ.”

దావీదు నవ్వలేదు. “నాకు ఆ దినం నీ మీద ఉండెనన్నా” అన్నాడు. “కమాండర్ సారు నీ బుజం తట్టినప్పుడు. నేను వండిన అన్నం తినే మీరందరు పనిచేస్తిరి, నా బుజం ఎవరు తట్టలే. ఒక్కసారన్నా నా చేతుల ఇమానం ఉంటే మంచిగుండు అనుకున్న.”

సుగుణ లోపలికి వెళ్లి మజ్జిగ తెచ్చి నా గ్లాసు నింపింది. కోపం పోయిందని కాదు. అతిథికి పోసింది.

మూడు గంటలకు మళ్లీ విమానం దగ్గరికి వెళ్లాం. ఇప్పుడు మెకానిక్ కళ్లతో చూశాను. రంగు వేసినవాళ్లు పొట్ట కింద ఉండే సన్న రంధ్రాలను కూడా రంగుతో పూడ్చేశారు. వాన నీళ్లు లోపల చేరితే బయటికి పోవడానికి దారి లేదు. రెండు వానాకాలాలు గడిస్తే లోపలి నుంచి తుప్పు తినేస్తుంది. దావీదు మెస్ నుంచి సన్న తీగ తెచ్చాడు. నేను మళ్లీ వెల్లకిలా పడుకున్నాను, ఈసారి దిమ్మె పక్కన గడ్డి మీద. మొదటి రంధ్రం తెరుచుకోగానే పోయిన వానాకాలం నీళ్లు తుప్పు రంగుతో నా చొక్కా మీద పడ్డాయి.

“ఇటు రా” అన్నాను. “పక్కన పడుకో. మిగతావి నువ్వు తెరువు.”

దావీదు బొజ్జతో ఆయాసపడుతూ విమానం పొట్ట కిందికి దూరాడు. ఒక్కో రంధ్రం ఎక్కడుందో చూపించాను. తొమ్మిదింటిలో ఎనిమిది ఆయనే తెరిచాడు. చివరిది మొండికేస్తే, తీగ ఎంత వంచాలో చేయి పట్టుకుని చెప్పాను. నీళ్లు బొటబొటా కారాయి. ఇద్దరి మొహాలూ ఎర్రబడ్డాయి, మన్నూ తుప్పూ కలిసి. “గిది నేనే చేసిన” అన్నాడు దావీదు. అవునన్నాను.

ఐదున్నరకు నాగర్‌కర్నూల్ చేరి హైదరాబాద్ బస్సు ఎక్కాను, మూడు గంటల ప్రయాణం. దారంతా ఒకటే ఆలోచించాను. దేశాలు తమ ఓడలనూ జెట్లనూ దించేస్తాయి, ఇంకో దేశంతో చేయి కలిపి కొత్తవి తెచ్చుకుంటాయి. అందులో తప్పేం లేదు, సముద్రాన్ని పాత ఇనుముతో కాపలా కాయలేం. కానీ వాటి కింద చేతులు నలుపు చేసుకున్నవాళ్లను ఎవరూ దించరు, ఎవరూ దిమ్మె ఎక్కించరు. మనకు మనమే ఏదో ఒకటి చేసుకోవాలి. దావీదు చేసుకున్నాడు. నేను గ్రూపు చప్పుడు ఆపేసుకుని కూర్చున్నాను. నా కథను ఆయన తీసుకున్నాడన్న మంట ఇంకా పూర్తిగా ఆరలేదు, ఆరిందని రాస్తే అబద్ధం. నాకంటే బాగా చెబుతాడన్న మంట ఒకటి కొత్తగా చేరింది. అయినా బస్సులో ఆ ఫ్రాన్స్ ఫోటో కింద ‘జాగ్రత్తగా పనిచేయి’ అని రాశాను. ఎనిమిది నిమిషాలకు వాడు ‘మీ దగ్గర నేర్చుకున్నదే సార్’ అని జవాబిచ్చాడు.

మీరు వెళ్లాలనుకుంటే ఆదివారం నాలుగు దాటాక వెళ్లండి. అప్పటికి ఇనుము చల్లబడుతుంది, మెస్ పని అయిపోయి దావీదు కూడా తీరికగా ఉంటాడు. ప్రవేశానికి టికెట్ లేదు. కూర్చోబెట్టి కథ చెప్పమనండి, కట్టె పట్టుకుని వైర్లు లేపిన కథ తప్పకుండా చెప్పించుకోండి. ఆ తర్వాత, సముద్రం నడుమ ముందు చక్రం బాగుచేసింది ఎవరని అడగండి. ఏ పేరు చెప్పాడో ఈ పోస్టు కింద రాయండి. నేను చూస్తుంటాను.